గల్ఫ్‌కు పనికి వెళ్లేవారు, వాళ్ల ఇంటివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి దుబాయ్‌కో సౌదీకో, కోనసీమ, కడప, అన్నమయ్య జిల్లాల నుంచి కువైట్‌కో పనికి వెళ్లేవాళ్లు ఎక్కువగా అడిగేవి ఇక్కడ ఉన్నాయి. మన వైపు చట్టం ఒకటే: 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. అటువైపు ఏ దేశానికి ఆ దేశం వేరు. రెండింటిలోనూ మీ తరఫున మాట్లాడేవి మీ చేతిలో ఉన్న కాగితాలే కాబట్టి, జవాబుల్లో సగం వాటి గురించే ఉంటాయి.

నా పాస్‌పోర్టు ఈసీఆరా, కాదా? ఎక్కడ చూడాలి?

చిరునామా, తల్లిదండ్రుల పేర్లు ఉన్న పేజీతో పాటు మొదటి రెండు మూడు పేజీలు చూడండి. ‘ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్’ అని ఉంటే ఈసీఆర్, అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి (క్లియరెన్స్) కావాలి. ఎక్కడా ఏమీ లేకపోతే మీది నాన్-ఈసీఆర్. 2007 తర్వాతి పాస్‌పోర్టుల్లో ‘ఈసీఎన్ఆర్’ అని విడిగా ముద్ర వేయడం లేదు. “ఈసీఎన్ఆర్ స్టాంపు కొట్టిస్తా, ఐదు వేలు ఇవ్వు” అని ఎవరైనా అంటే, లేని పనికి డబ్బు అడుగుతున్నట్టే.

నేను పదో తరగతి పాసయ్యాను. అయినా ఈసీఆర్ పడింది. తీసేస్తారా?

తీసేస్తారు. దరఖాస్తు చేసిన రోజు మెమో పెట్టకపోతే ఇలా పడుతుంది. పాస్‌పోర్ట్ సేవా సైట్‌లో రీ-ఇష్యూ కింద ఈసీఆర్ తొలగింపు ఎంచుకుని, గుర్తింపు ఉన్న బోర్డు ఇచ్చిన పదో తరగతి మెమో జతచేయాలి. 36 పేజీల పుస్తకానికి మామూలు ఫీజు 1,500 రూపాయలు. చదువు లేకున్నా కొందరికి మినహాయింపు ఉంది: 50 ఏళ్లు దాటినవాళ్లు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, ఇంతకుముందు విదేశంలో మూడేళ్లకు పైగా ఉండి వచ్చినవాళ్లు. మూడో రకం వాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నా, పాత పాస్‌పోర్టు పారేసుకుని ఆ రుజువు పోగొట్టుకుంటారు. పాత పుస్తకాలు దాచుకోండి.

దొంగ మెమో మాత్రం పెట్టకండి. బోర్డుకు రాసి సరిచూస్తారు. అది దొంగదని తేలితే పాస్‌పోర్టు పోతుంది, పైగా కేసు పడుతుంది.

ఈసీఆర్ అయితే ఏయే దేశాలకు క్లియరెన్స్ కావాలి?

సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, ఇరాక్, జోర్డాన్, లెబనాన్, మలేషియా, ఇండోనేషియా, థాయిలాండ్, లిబియా, సిరియా, యెమెన్, సూడాన్, దక్షిణ సూడాన్, ఆఫ్ఘనిస్తాన్. పనికి వెళ్తేనే క్లియరెన్స్ కావాలి. చుట్టపు చూపుకో, ఉమ్రాకో వెళ్లేవారికి అవసరం లేదు. వీసా, తిరుగు టికెట్ చూపిస్తే చాలు.

క్లియరెన్స్ ఎలా వస్తుంది? ఎవరు చేయాలి?

విదేశాంగ శాఖ కింద ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అనే అధికారి ఉంటారు. హైదరాబాద్‌లో ఆ కార్యాలయం ఉంది. పనంతా ఇప్పుడు ఈ-మైగ్రేట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోనే జరుగుతుంది. వరస ఇలా ఉంటుంది. అక్కడి కంపెనీ ముందు ఈ-మైగ్రేట్‌లో నమోదవుతుంది. తనకు ఎంతమంది కావాలో, ఏ పనికో, ఏ జీతానికో రాసి డిమాండ్ పెడుతుంది. ఆ కంపెనీ కాగితాలు సరిగా ఉన్నాయో లేదో అక్కడి మన రాయబార కార్యాలయం చూస్తుంది. తర్వాత ఇక్కడి లైసెన్సు ఏజెంటు మీ పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా కాగితం ఎక్కించి దరఖాస్తు చేస్తాడు. ప్రభుత్వ రుసుము 200 రూపాయలు.

ఒకప్పుడు పాస్‌పోర్టులో స్టిక్కర్ అంటించేవారు. ఇప్పుడు అది లేదు. శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ కౌంటర్‌లో కూర్చున్న అధికారికి మీ నంబరు కొట్టగానే క్లియరెన్స్ ఉందో లేదో కనబడుతుంది. కనబడకపోతే ఫ్లైట్ ఎక్కనివ్వరు, టికెట్ డబ్బులు పోతాయి. కాబట్టి టికెట్ చేతికి వచ్చిన రోజే మీ పాస్‌పోర్టు నంబరుతో ఈ-మైగ్రేట్‌లో స్థితి ఏమిటో మీరే చూసుకోండి. “అయిపోయింది అన్నా” అన్న ఏజెంటు మాట నమ్మి బయల్దేరకండి.

ఏజెంటు అసలైనవాడని ఎలా తెలుస్తుంది?

చట్టంలో 10వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ లేకుండా ఎవరూ మనుషులను విదేశీ పనికి పంపకూడదు. వందమందికి మించి పంపే ఏజెంటు ఆ సర్టిఫికెట్ కోసం ప్రభుత్వం దగ్గర 50 లక్షల బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. మీకు నష్టం జరిగితే దాన్నుంచి రాబట్టే వీలుంది కనుకే లైసెన్సుకు విలువ. ఈ-మైగ్రేట్ సైట్‌లో ఏజెంట్ల జాబితా తీసి లైసెన్సు నంబరు, ఆఫీసు చిరునామా, ఇప్పుడు చెల్లుతోందా లేక సస్పెండ్ అయిందా అన్నవి మూడూ సరిచూడండి. లైసెన్సు లేని ఏజెంట్ల జాబితా కూడా అక్కడే ఉంటుంది.

అసలు చిక్కు ఊళ్లో ఉంది. మీతో మాట్లాడేవాడు సాధారణంగా సబ్ ఏజెంటు. పక్క ఊరివాడో, బావమరిది స్నేహితుడో, తానే పదేళ్లు దుబాయ్‌లో ఉండి వచ్చినవాడో అయి ఉంటాడు. వాడి వెనుక ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఒక ఆఫీసు ఉందంటాడు. సబ్ ఏజెంటు అనే మాటకు చట్టంలో చోటే లేదు. వాడికిచ్చిన డబ్బుకు ముంబై ఆఫీసు బాధ్యత తీసుకోదు. “మాకు వాడెవడో తెలియదు” అంటే కథ అక్కడితో ముగిసింది. ఎంత తెలిసినవాడైనా, డబ్బు మాత్రం లైసెన్సు ఉన్న కంపెనీ పేరున్న బ్యాంకు ఖాతాకే పంపండి.

ఏజెంటుకు ఎంత ఇవ్వాలి?

సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. రసీదు ఇవ్వాలి. అంతకు మించి వసూలు చేయడం 24వ సెక్షన్ కింద నేరం.

ఊళ్లో ధర ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుందని అందరికీ తెలుసు. వీసాను అక్కడే ఒకడు అమ్మితే ఇంకొకడు కొని, ఇక్కడ మూడోవాడు మీకు అంటగడతాడు. ఒక లెక్క చూడండి. లక్షన్నర అప్పు చేసి, నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి అయితే నెల మిత్తే 4,500. రెండేళ్ల ఒప్పందం పూర్తయ్యేసరికి మిత్తి ఒక్కటే 1,08,000, అసలు అలాగే ఉంటుంది. మొదటి మూడు నెలల జీతం ఆలస్యమైతే ఇంట్లో బంగారం బ్యాంకుకు పోతుంది. జీతం బాగాలేకున్నా, కొట్టినా, తిట్టినా మనిషి తిరిగి రాలేకపోవడానికి మొదటి కారణం ఈ మిత్తే. కఫీల్ (ఎవరి పేరు మీద వీసా ఉందో ఆ అక్కడి యజమాని) సంగతి దాని తర్వాత.

డబ్బు ఇవ్వక తప్పని పరిస్థితి అయితే కనీసం నగదు ఇవ్వకండి. ఫోన్‌పే అయినా సరే, బదిలీ చేసేటప్పుడు ఎందుకిస్తున్నారో అక్కడే రాయండి: ‘సౌదీ వీసా కోసం, మొదటి విడత’ అని. వాట్సాప్ సందేశాలు చెరపకండి. ఫోన్ మార్చేముందు బ్యాకప్ తీయండి.

ఆజాద్ వీసా మంచిదేనా? పని మనకు నచ్చినచోట చేసుకోవచ్చంటున్నారు.

అలాంటి వీసా ఏ గల్ఫ్ దేశం చట్టంలోనూ లేదు. ఎవరో ఒక కఫీల్ పేరు మీద వీసా తీసి, వాడికి ఏటా కొంత ముట్టజెప్పి, బయట వేరేచోట పని చేయడాన్ని మనవాళ్లు ఆజాద్ అంటారు. రోడ్డు మీద తనిఖీలో పట్టుబడితే పని ఇచ్చినవాడికి, చేసినవాడికి ఇద్దరికీ జరిమానా పడుతుంది, మిమ్మల్ని తిప్పి పంపుతారు. జీతం ఎగ్గొడితే ఫిర్యాదుకు దారి లేదు, ఎందుకంటే కాగితం మీద మీ యజమాని అతను కాడు. కఫీల్‌కు కోపం వస్తే పారిపోయాడని రాసేస్తాడు. దాని సంగతి కింద ఉంది.

విజిట్ వీసా మీద పోయి అక్కడ వర్క్ వీసాగా మార్చుకుంటే?

యూఏఈలో కొందరికి అలా మారుతుంది కూడా, అందుకే ఈ మాట ఆగదు. కానీ ఈసీఆర్ ఉన్నవాళ్లు పనికోసం వెళ్తూ విజిట్ వీసా చూపించడమంటే క్లియరెన్స్ తప్పించుకోవడమే. విమానాశ్రయంలో అడిగే ప్రశ్నలు తేలికైనవే: హోటల్ ఎక్కడ, ఎన్ని రోజులు, చేతిలో ఎంత డబ్బుంది. జవాబు తడబడితే దింపేస్తారు. “ఇమిగ్రేషన్‌లో సెట్టింగ్ ఉంది, ఫలానా కౌంటర్‌కే పో” అని ఏజెంటు చెబుతున్నాడంటే, మీకు రావాల్సిన బీమా, ఒప్పందం, నమోదు ఏవీ లేకుండా పంపుతున్నాడని అర్థం. అక్కడ వీసా మారకపోతే గడువు దాటాక యూఏఈలో రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా లెక్క మొదలవుతుంది.

మెడికల్‌లో ఏం చూస్తారు?

గల్ఫ్ దేశాలు గుర్తించిన కేంద్రాల్లోనే చేయించాలి. పాతవాళ్లు గామ్కా అంటారు, ఇప్పుడు ఆ వ్యవస్థ పేరు వఫీద్. టీబీ, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ ముఖ్యం. ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ కనబడ్డా అన్‌ఫిట్ రాస్తారు. ఇక్కడ ఫిట్ వచ్చినా దిగాక మళ్లీ పరీక్ష ఉంటుంది. ఏజెంటు ‘మేనేజ్’ చేసిన ఫిట్ అక్కడ నిలవక, నెల తిరక్కుండా వెనక్కి వచ్చేవాళ్లు ఉంటారు. అనుమానం ఉంటే డబ్బు కట్టకముందే మామూలు ల్యాబ్‌లో ఎక్స్‌రే, రక్తపరీక్ష చేయించుకోండి.

ఒప్పందంలో, వీసాలో ఏం చదవాలి? అంతా అరబ్బీలో ఉంటుంది కదా.

ముందు వీసా మీద వృత్తి అన్న గడి. సౌదీ వీసాలో ‘సాయిఖ్ ఖాస్’ అంటే ఇంటి డ్రైవరు. ‘ఆమిల్ మన్‌జిలీ’ అంటే ఇంటి పనివాడు. ‘రాయీ’ అంటే గొర్రెలో ఒంటెలో కాసేవాడు. ‘ముజారి’ అంటే వ్యవసాయ పని. సూపర్ మార్కెట్ పని అని చెప్పి ‘రాయీ’ వీసా చేతిలో పెడితే, దిగిన రోజే ఎడారిలోని మజ్రాకు, అంటే పశువులు ఉండే పొలానికి, తీసుకుపోతారు. ఆ గడి ఫోటో తీసి, అరబ్బీ చదవగలిగిన ఎవరికైనా, ఊళ్లో మసీదు దగ్గర మౌల్వీసాబ్‌కైనా సరే, చూపించండి. రెండు నిమిషాల పని.

ఇది పేరు తేడా మాత్రమే అనుకోవద్దు. ఇంటి పని, ఇంటి డ్రైవింగ్, గొర్రెల కాపలా లాంటివి సౌదీ మామూలు కార్మిక చట్టం బయట ఉంటాయి. కంపెనీ వీసా మీద ఉన్న మేస్త్రీకి ఉన్న హక్కులు ఇంటి డ్రైవర్‌కు ఉండవు. ఏ చట్టం మీకు వర్తిస్తుందో ఆ గడిలోని మాటే తేలుస్తుంది.

తర్వాత జీతం. ‘మొత్తం’ ఎంతో కాకుండా ‘బేసిక్’ ఎంతో చూడండి. యూఏఈ ఉదాహరణ తీసుకుందాం. ఇద్దరికీ నెలకు 1,200 దిర్హమ్‌లే వస్తాయి. ఒకరికి బేసిక్ 1,000, అలవెన్సు 200. ఇంకొకరికి బేసిక్ 600, అలవెన్సు 600. సర్వీసు ముగిశాక ఇచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ లెక్కన వస్తుంది. మొదటి మనిషికి ఏడాదికి 700, రెండో మనిషికి 420. ఐదేళ్లకు 3,500, 2,100. ఓవర్‌టైమ్ లెక్క కూడా బేసిక్ మీదే.

తిండి ఎవరిది, గది ఎవరిది, రెండేళ్లకు ఒకసారి టికెట్ ఎవరిది, వారానికి ఎన్ని గంటలు అన్నవి కూడా రాసి ఉండాలి. అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే నివాస కార్డు) ఖర్చు యజమానిదే. అక్కడ దిగాక రెండో ఒప్పందం ముందు పెట్టి తక్కువ జీతానికి సంతకం అడగడం పాత అలవాటు. యూఏఈ, సౌదీ ప్రభుత్వాలు ఇప్పుడు ఒప్పందాలను ఆన్‌లైన్‌లో నమోదు చేస్తున్నాయి. సౌదీలో కివా, ఇంటి పనివారికి ముసానెద్. సంతకం చేసేముందు ఇక్కడ మీకిచ్చిన కాపీతో పోల్చండి. కాపీ ఇక్కడే తీసుకోకపోతే పోల్చడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

బీమా తప్పనిసరా? ఎంత వస్తుంది?

ఈసీఆర్ క్లియరెన్స్‌కు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, పన్ను వేరే. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. చికిత్సకు లక్ష వరకు. ఉద్యోగం మీద వచ్చిన కోర్టు ఖర్చులకు 45,000 వరకు. కంపెనీ మారినా పాలసీ చెల్లుతుంది.

ఇక్కడ రెండుచోట్ల దెబ్బ తింటారు. ఒకటి, ‘ప్రమాదం’ అన్న మాట. గుండెపోటు ఇందులోకి రాదు. గల్ఫ్ నుంచి వచ్చే మరణ పత్రాల్లో ‘సహజ మరణం’ అని ఉంటే ఆ 10 లక్షలు రావు. రెండు, గడువు. రెండేళ్ల పాలసీ తీసుకుని ఆరేళ్లు ఉండిపోయేవాళ్లే ఎక్కువ. ఆన్‌లైన్‌లో పొడిగించుకోవచ్చు, అక్కడి నుంచే చేయవచ్చు. నామినీ పేరు పెళ్లికి ముందు అమ్మ పేరు పెట్టి ఉంటే, తర్వాత మార్చారో లేదో చూసుకోండి.

నాన్-ఈసీఆర్ వాళ్లకు క్లియరెన్స్ అక్కర్లేదు కనుక ఈ బీమా ఎవరూ అడగరు. పదో తరగతి పాసైన మేస్త్రీ పరంజా మీద నుంచి పడితే అతని ఇంట్లో ఏ పాలసీ కాగితమూ ఉండదు. ముద్ర లేకపోవడం వల్ల వచ్చే నష్టం ఇదొకటి.

మా అక్క కువైట్‌కు ఇంటి పనికి వెళ్తానంటోంది. వయసు 27. కుదురుతుందా?

ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళలకు ఈ దేశాల్లో పనికి కనీస వయసు 30. 27 ఏళ్లకు క్లియరెన్స్ రాదు. 2016 నుంచి ప్రైవేటు ఏజెంట్లు ఈసీఆర్ మహిళలను పంపకూడదు. ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి: తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్. 

ఈ నిబంధన ఆడవాళ్లను కాపాడటానికే పెట్టారు. కానీ అది చట్టబద్ధమైన దారిని సన్నం చేసింది, అవసరం మాత్రం తగ్గలేదు. ఫలితంగా విజిట్ వీసా మీద దుబాయ్‌కో మస్కట్‌కో పంపి, అక్కడ ఆఫీసుల్లో కూర్చోబెట్టి యజమానులకు చూపించే దారి పెరిగింది. అలా వెళ్లినవాళ్ల పేరు ఏ జాబితాలోనూ ఉండదు. ఏజెంటు వయసు దిద్దిన ఆధార్ తెచ్చి పెడతానంటే అక్కడితో ఆపేయండి.

కువైట్‌లో ఇంటి పని వీసాను 20 నంబరు వీసా అంటారు, కంపెనీది 18. 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటి పనివారికి రోజుకు 12 గంటలకు మించని పని, వారానికి ఒక సెలవు, ఏడాదికి నెల రోజుల జీతంతో సెలవు, పని ముగిశాక ఏడాదికి ఒక నెల జీతం ఇవ్వాలంటుంది. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదనీ అంటుంది.

పాస్‌పోర్టు కంపెనీవాళ్లు తీసేసుకున్నారు. ఇది మామూలేనా?

మామూలే, కానీ చట్టవిరుద్ధం. ఖతర్‌లో ఒక పాస్‌పోర్టుకు జరిమానా 25,000 రియాళ్ల దాకా ఉంది. అకామా రాయించడానికి కొన్ని రోజులు తీసుకోవడం వేరు, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేయడం వేరు. మొదటి పేజీ, చివరి పేజీ, వీసా పేజీ ఫోటోలు వెళ్లేముందే మీ మెయిల్‌లోనూ ఇంట్లోవాళ్ల ఫోన్‌లోనూ ఉంచండి. పాస్‌పోర్టు చిక్కకపోయినా మన రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. మనవాళ్లు ఔట్‌పాస్ అనేది దాన్నే. నంబరు తెలిస్తే అది వేగంగా వస్తుంది.

కంపెనీ మారొచ్చా? కఫాలా (కఫీల్ అనుమతి మీదే అన్నీ ఆధారపడే పద్ధతి) తీసేశారని విన్నాం.

కొంత తీసేశారు, దేశాన్ని బట్టి.

ఖతర్‌లో 2020 నుంచి పాత యజమాని ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండా మారవచ్చు. 2021 మార్చి నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లు. గది, తిండి ఇవ్వకపోతే వాటికి 500, 300 అదనం. ఒమన్ 2021 జనవరి నుంచి ఎన్‌ఓసీ ఎత్తేసింది. యూఏఈలో 2022 ఫిబ్రవరి నుంచి కొత్త చట్టం నడుస్తోంది. ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు.

సౌదీలో 2021 మార్చి 14 నుంచి కంపెనీ కార్మికులు ఏడాది పూర్తయ్యాక 90 రోజుల నోటీసుతో మారవచ్చు. మూడు నెలలు వరసగా జీతం రాకపోయినా, అకామా గడువు తీరినా ఏడాది ఆగక్కర్లేదు. ఈ మార్పు ఇంటి డ్రైవర్లకు, ఇంటి పనివారికి, గొర్రెల కాపరులకు వర్తించదు. పైన చెప్పిన వృత్తి గడి ఇక్కడ మళ్లీ అడ్డొస్తుంది.

కువైట్ మాత్రం 2025 జూలై 1 నుంచి 18 వీసా వాళ్లు దేశం దాటాలంటే యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ ఉండాలని పెట్టింది. సెలవుకు టికెట్ తీసేముందు దానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోండి.

హురూబ్ పడింది. ఇప్పుడు ఏం చేయాలి?

పనిలోంచి పారిపోయాడని కఫీల్ నమోదు చేస్తే సౌదీలో హురూబ్ అంటారు. దాంతో మనిషి ఖల్లివల్లి, అంటే చెల్లే కాగితాలు లేనివాడు, అవుతాడు. పోలీసు ఎదురైతే జైలు, తర్వాత తిప్పి పంపడం, మళ్లీ రాకుండా నిషేధం. మీరు పనిలోనే ఉండి జీతం అడిగినందుకు పెట్టిన హురూబ్ అయితే లేబర్ ఆఫీసులో సవాలు చేయవచ్చు. హాజరు పట్టీ, గది ఫోటోలు, సూపర్‌వైజర్ సందేశాలు రుజువు. కంపెనీ కార్మికులకు 2022 చివరి నుంచి ముందుగా ‘పని ఆగిపోయింది’ అన్న స్థితి చూపించి 60 రోజులు ఇస్తున్నారు. ఆలోగా వేరే కంపెనీకి మారాలి లేదా దేశం విడిచి రావాలి. కాబట్టి నెలకొకసారి అబ్షెర్ అనే సౌదీ ప్రభుత్వ యాప్‌లో మీ స్థితి చూసుకోండి. చాలామందికి హురూబ్ సంగతి సెలవు టికెట్ కోసం వెళ్లిన రోజే తెలుస్తుంది, అప్పటికి 60 రోజులు దాటిపోయి ఉంటాయి.

క్షమాభిక్ష వస్తుందని కూర్చోవడం కూడా ఒక జూదమే. యూఏఈలో 2024 సెప్టెంబరులో వచ్చింది, ఆ ఏడాది డిసెంబరు 31 దాకా పొడిగించారు. మళ్లీ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. వచ్చినప్పుడు మాత్రం చివరి వారం దాకా ఆగకండి. ఔట్‌పాస్ వరస అప్పటికి భవనం చుట్టూ తిరిగి ఉంటుంది.

జీతం ఇవ్వడం లేదు. ఎక్కడ చెప్పాలి?

అక్కడి కార్మిక శాఖకే ముందు. సౌదీలో మొదట రాజీ విభాగం చూస్తుంది, కుదరకపోతే లేబర్ కోర్టుకు పోతుంది. యూఏఈలో 50,000 దిర్హమ్‌ల లోపు తగాదాలను 2024 నుంచి కార్మిక శాఖే తేలుస్తుంది. సౌదీ, కువైట్ రెండింటిలోనూ పని ముగిసిన ఏడాదిలోపే దావా వేయాలి. ఇంటికి వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆ ఏడాది తెలియకుండానే గడిచిపోతుంది. రావడం తప్పనిసరైతే, అక్కడ నమ్మకస్తుడికి లేదా న్యాయవాదికి పవర్ ఆఫ్ అటార్నీ రాసి రండి. ‘అన్నీ ముట్టాయి’ అని రాసిన అరబ్బీ కాగితం మీద విమానాశ్రయానికి వెళ్లేముందు సంతకం పెట్టిస్తారు, అది పెట్టాక కోర్టులో గెలవడం కష్టం.

ఇక్కడి నుంచి ఇంటివాళ్లు విదేశాంగ శాఖ మదద్ సైట్‌లో ఫిర్యాదు ఎక్కించవచ్చు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090. ఫిర్యాదులో పాస్‌పోర్టు నంబరు, అకామా నంబరు, కంపెనీ పేరు, కఫీల్ ఫోను, మనిషి ఉన్న ఊరు ఉంటే కదులుతుంది. “మా అబ్బాయి సౌదీలో ఉన్నాడు” అంటే కదలదు. టికెట్, తాత్కాలిక వసతి, కోర్టు ఖర్చులకు రాయబార కార్యాలయాల దగ్గర 2009 నుంచి కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. అడిగితేనే ఇస్తారు, కాబట్టి అడగండి.

అక్కడ చనిపోతే?

మృతదేహం రావడానికి అక్కడి మరణ ధ్రువపత్రం, పోలీసు అనుమతి, రాయబార కార్యాలయం ఎన్‌ఓసీ, వారసుల సమ్మతి పత్రం కావాలి. వారసుల పత్రంలో పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పాస్‌పోర్టులో ‘లక్ష్మి’, ఆధార్‌లో ‘లచ్చవ్వ’ ఉంటే అక్కడే వారం పోతుంది. ప్రమాదమో, ఆత్మహత్యో, హత్యో అయితే విచారణ ముగిసేదాకా ఆగాలి. హురూబ్‌లో ఉన్న మనిషి అయితే ఖర్చు భరించే యజమానే ఉండడు. అప్పుడు వెల్ఫేర్ ఫండ్ అడగాలి. బాకీ జీతం, గ్రాట్యుటీ ఎంతో కంపెనీ చేత రాయించి తీసుకోకుండా సమ్మతి పత్రంలో ‘ఏ బాకీ లేదు’ అన్న వాక్యానికి ఒప్పుకోవద్దు.

తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరు 16న ఇచ్చిన 205వ నంబరు జీవో ప్రకారం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయలు. 2023 డిసెంబరు 7 తర్వాతి మరణాలకు వర్తిస్తుంది. దీనికి ప్రమాదమే కానక్కర్లేదు, గుండెపోటు అయినా ఇస్తారు. దరఖాస్తు కలెక్టరుకు ఇవ్వాలి, ఆరు నెలల్లోపు. పదకొండో రోజు అయ్యాక ఊళ్లో ఎవరైనా చదువుకున్నవారు ఈ పని భుజాన వేసుకుంటే మంచిది. ఇంటివాళ్లకు అప్పుడు తేదీలు గుర్తుండవు.

ఏజెంటు మోసం చేశాడు. పోలీసులు “సివిల్ తగాదా” అంటున్నారు.

కాదు. లైసెన్సు లేకుండా పంపడం ఎమిగ్రేషన్ చట్టం 10, 24 సెక్షన్ల కింద నేరం. మోసానికి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ ఉంది. మనం ఇంకా ఫోర్ ట్వంటీ అంటున్నది దాన్నే. రెండూ కలిపి పెట్టమని అడగండి.

ఠాణాలో ఇంకో మాట వినబడుతుంది: “ఎమిగ్రేషన్ చట్టానికి ఢిల్లీ నుంచి అనుమతి కావాలి.” సగమే నిజం. 27వ సెక్షన్ అనుమతి అడుగుతుంది కానీ, మోసపోయిన మనిషి తానే ఫిర్యాదు చేసినా, అతని తరఫున తల్లి, తండ్రి, భర్త, భార్య, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు చేసినా అనుమతి అక్కర్లేదని అదే సెక్షన్ చెబుతుంది. అందుకే ఫిర్యాదు సర్పంచ్ పేరు మీదో, సంఘం పేరు మీదో కాకుండా ఇంటివాళ్ల పేరు మీద ఇవ్వండి. ఆ సెక్షన్ జిరాక్స్ ఒకటి ఫిర్యాదుకు గుచ్చి ఇస్తే వాదన తగ్గుతుంది. ఏజెంటుకు లైసెన్సు ఉంటే, ఫిర్యాదు కాపీ హైదరాబాద్ ప్రొటెక్టర్ కార్యాలయానికీ పంపండి. లైసెన్సు సస్పెండ్ అవుతుందన్న భయానికి డబ్బు తిరిగిచ్చినవాళ్లు ఉన్నారు. అలా ఇస్తే రసీదు రాసిచ్చి తీసుకోండి, కానీ కేసు వెనక్కి తీసుకుంటానని ముందే సంతకం పెట్టకండి.

చట్టం మారుతోందంటున్నారు, నిజమేనా?

2021లో ఒక ముసాయిదా, 2025లో ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు పేరుతో ఇంకొకటి అభిప్రాయాల కోసం బయటపెట్టారు. ఈ పేజీ రాసేనాటికి నడుస్తున్నది 1983 చట్టమే. దాని 24వ సెక్షన్‌లో శిక్ష రెండేళ్ల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా. ఏజెంటు ఆ జరిమానాకు భయపడడు కాబట్టి, ఫిర్యాదులో 318 కూడా ఉండేలా చూసుకోండి.